ఆట వాళ్లది, నిద్ర మనది: పికిల్‌బాల్ సప్పుడు తగ్గేదెట్ల?

పొద్దంతా బండి మీద తిరిగి ఫుడ్ డెలివరీలు చేసి, రాత్రి పది దాటినంక బోరబండల రూముకొచ్చి నడుం వాల్చిన మన ఊరి పోరగాణ్ణి అనుకోండ్రి. కిటికీ అవతలి ఖాళీ జాగల లైట్లు జిగేల్మంటున్నయ్. టక్. మళ్ల టక్. దిండు చెవుల మీద పెట్టుకున్నా ఇనవడ్తది. డీజే అయితే ఎప్పుడో అప్పుడు బంద్ అయితదని ఓర్సుకుంటం. గీ టక్‌టక్ మాత్రం రోజూ ఉంటది. అదే పికిల్‌బాల్.

1965ల అమెరికాల, సియాటెల్ దగ్గరున్న బైన్‌బ్రిడ్జ్ దీవిల ముగ్గురు దోస్తులు ఇంటికాడ పుట్టించిన ఆట ఇది. గీతల లోపల 44 అడుగుల పొడుగు, 20 అడుగుల అడ్డం జాగ సాలు. నేర్చుకునుడు అల్క. 2025ల ముంబైల ఆడిన వరల్డ్ పికిల్‌బాల్ లీగ్‌ల హైదరాబాద్ టీమున్నది, చెన్నై టీముకు మన సమంత ఓనర్. ఇగ జూబ్లీహిల్స్, మాదాపూర్ దిక్కు ఖాళీ ప్లాట్లు, బిల్డింగుల డాబాలు కోర్టులైతున్నయ్. గంటకింత అని కిరాయి. ఆఫీసులు, షూటింగులు అయినంకనే గిరాకీ ఎక్కువ. అంటే పక్కింటోళ్లు పండుకునే యాళ్లకే ఆట జోరందుకుంటది.

ఆట మీద ఎవ్వరికీ కోపం లేదు. ఆడితే ఒంటికి మంచిదే. మరి గింత చిన్న బంతి గంత సతాయిస్తదెందుకు?

టెన్నిస్ బంతి మెత్తటి రబ్బరు, రాకెట్‌కు తీగలుంటయ్. తగిలినప్పుడు రెండూ ఒదుగుతయ్, సప్పుడు మెత్తగొస్తది. పికిల్‌బాల్ పాడిల్ గట్టి పలక, బంతి చిల్లులున్న గట్టి ప్లాస్టిక్. రెండూ ఒదగవు. అందుకే సురుక్కుమనే సప్పుడొస్తది. దాని స్వరం సుమారు 1000 నుంచి 1200 హెర్ట్జ్. లారీ రివర్స్ తీస్తుంటే వచ్చే బీప్ కూడ గా దగ్గర్లనే ఉంటది. మనిషి చెవి దాన్ని ఇట్టె పట్టుకుంటది. వంద అడుగుల దూరంల ఒక్కో దెబ్బ సుమారు 70 డెసిబెల్స్ ఉంటది. అడ్డం ఏమీ లేకుంటే దూరం రెండింతలైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతది. 200 అడుగులకు 64, 400 అడుగులకు 58. బోరబండల గోడకు గోడ ఆనుకొని ఇండ్లుంటయ్. గంత దూరం యాడికెళ్లి తెస్తం?

చట్టం లేదా అంటే ఉన్నది. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్లున్న తావుల పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దు. రాత్రంటే 10 నుంచి పొద్దుగాల 6 దాక. తెల్లారుజామున 5 గంటలకు మొదలయ్యే ఆట కూడ చట్టం లెక్కల రాత్రి ఆటనే.

గాని ఈడ ఒక మెలిక ఉన్నది. గా అంకెలు సగటు కొలతలు. టక్‌కు టక్‌కు నడుమ ఉన్న నిశ్శబ్దం కూడ సగటుల కలుస్తది. మీటర్ల అంకె చిన్నగనే కనవడ్తది, మనిషికి మాత్రం నిద్ర పట్టదు. గందుకే ఐఎస్‌ఓ 1996 అనే అంతర్జాతీయ కొలత పద్ధతిల దెబ్బ సప్పుళ్లుంటే కొలిచినదానికి 5 డెసిబెల్స్, మరీ గట్టిగ కొట్టినట్టుంటే 12 డెసిబెల్స్ కలిపి లెక్కజూస్తరు. మన నియమాలల్ల గా కలుపుడు లేదు. అది రావాలె.

ఇగ తగ్గించుడెట్ల? అన్నిటికంటే ముందు జాగ. 2023ల అమెరికాలోని సెంటెనియల్ అనే ఊరు, ఇండ్లకు 500 అడుగుల లోపల కొత్త కోర్టులను కొన్నాళ్లు ఆపి, ఆ తర్వాత రూల్స్ రాసుకున్నది. మన సిటీల గంత దూరం దొరకదు. అట్లయితే నాలుగు దిక్కుల గోడలు, పైకప్పు ఉన్న గోదాముల ఆడాలె. డాబా మీద కోర్టయితే చుట్టుపక్కల కిటికీలన్నిటికీ సప్పుడు నేరుగ పోతది.

రెండోది అడ్డుగోడ. చుట్టూ కట్టే పచ్చ వల సప్పుడును ఆపదు. బరువున్న షీటు కావాలె, కింద గాని అతుకుల కాడ గాని సందు ఉండొద్దు. కిటికీల నుంచి చూస్తే ఆట కనవడకుండ ఉండాలె. బాగ కడితే సుమారు 10 డెసిబెల్స్ తగ్గుతది, చెవికి సగం తగ్గినట్టనిపిస్తది. పదడుగుల అడ్డు కింద అంతస్తుకే పనికొస్తది, మూడో అంతస్తోళ్లకు లాభం లేదు. బోరబండ అసొంటి బస్తీల అసలు ఇబ్బంది గదే.

మూడోది సామాను. సప్పుడు తక్కువొచ్చే పాడిల్స్ ఉన్నయ్, ఫోమ్ బంతులున్నయ్. ఫోమ్ బంతితోని ఆట తీరు కొంచెం మారుతది గాని, మాపటీలి ప్రాక్టీసుకు ఏం తక్కువ కాదు. అమెరికా పికిల్‌బాల్ సంఘం సప్పుడు తక్కువ సామాను కోసం వేరే కేటగిరీనే పెట్టింది. కోర్టోళ్లే సామాను కిరాయికిస్తరు కాబట్టి, ఈ పని ఓనర్ చేతులనే ఉన్నది. ఆఖరుది టైమ్. రాత్రి తొమ్మిదిన్నరకు చివరి ఆట, పదికి లైట్లు బంద్.

అడిగితే ఎవలింటరని అనుకోవద్దు. 2022 సెప్టెంబర్‌ల జూబ్లీహిల్స్ పబ్బుల కేసుల, రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక మ్యూజిక్ పెట్టొద్దని తెలంగాణ హైకోర్టు చెప్పింది. కోర్టుకెక్కింది ఆడుండే కాలనీవాసులే. వాళ్లకు సంఘం ఉన్నది, వకీలున్నడు. కిరాయి రూముల ఉండేటోనికి అవి ఉండవు, ఓనర్ ఖాళీ చెయ్యమంటడేమోనని భయం కూడ ఉంటది. గాని నిద్ర ఇద్దరికీ ఒక్కటే. సప్పుడు బాధ లేకుండ బతుకుడు జీవించే హక్కుల భాగమని సుప్రీంకోర్టు 2005లనే చెప్పింది. రాత్రి అయితే 100కు ఫోన్ చెయ్యుండ్రి. తారీఖు, టైమ్ రాసుకొని, ఫోన్ల రికార్డు చేసి, నలుగురు కలిసి పోలీస్ ఠాణాల, కాలుష్య నియంత్రణ మండలిల దరఖాస్తు ఇయ్యుండ్రి.

ఇయ్యాల బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు జిల్లా కేంద్రాల దాక వచ్చినయ్. రేపు మీలనే ఒకరు రోడ్డు పొంటి జాగల పికిల్‌బాల్ కోర్టు ఎయ్యొచ్చు. మంచిదే. సిమెంటు పోసే ముందు ఒక రాత్రి ఇద్దరు దోస్తులను ఆడ ఆడమని, మీరు పక్కింటి మీది అంతస్తుకెక్కి పావుగంట కూసోని ఇనుండ్రి. మీకే చిరాకు లేస్తే, ఆ జాగ కోర్టుకు పనికిరాదు.