చాయ్ పక్కన సిగరెట్

తమ్ముళ్ళూ, మన హాస్టల్‌లో చేరేనాటికి నాకు సిగరెట్ వాసనే పడేది కాదు. ఇంటర్ పరీక్షలప్పుడు నిద్ర ఆపుకోవడానికి రాత్రిపూట చార్మినార్ వైపు ఇరానీ చాయ్‌కి వెళ్ళేవాళ్ళం. పక్కనే పాన్ డబ్బా. విడిగా ఒకటి కొని నలుగురం తాగాం. డిగ్రీకొచ్చేసరికి నావే రోజుకు ఆరు. (అజామాబాద్‌లో తయారైన చార్మినార్ సిగరెట్ పెట్టెమీద ఉన్నది మన చార్మినార్ బొమ్మే!)

రెండుసార్లు ఎవరికీ చెప్పకుండా మానేశాను. రెండుసార్లూ మూడో రోజే ఓడిపోయాను. నాకు పట్టుదల లేదనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. దానికి అలవాటుపడ్డాక అది అందకపోతే చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు మూడు రోజులే ఎక్కువ బాధ. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. అంటే కష్టమంతా పడి, తీరా తగ్గబోయే ముందు వదిలేశానన్నమాట.

మూడోసారి రూమ్మేట్‌కు చెప్పాను. వార్డెన్ గారికి తెలుస్తుందన్న భయంతో మనం నోరు విప్పం, అక్కడే దెబ్బ తింటాం. నా చిల్లర డబ్బులు అతని దగ్గరే పెట్టాను. నెలరోజులు బయట చాయ్ మానేసి మెస్ టీయే తాగాను. (అది తాగడం సిగరెట్ మానడం కంటే కష్టం.) తాగాలన్న కోరిక ఎంత బలంగా వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. అప్పుడు ఇద్దరం లేచి నల్లా దాకా వెళ్ళి, ముఖం కడుక్కుని వచ్చేవాళ్ళం. ఊళ్ళో ఒక పెళ్ళిలో ఒకటి తాగేశాను. మర్నాడు మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టాం.

ఇప్పుడు మీకు ఇంకా సాయం ఉంది. 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేస్తే కౌన్సెలర్ మాట్లాడతారు, తెలుగులో కూడా. 2018 నుంచి ఆ నంబరు సిగరెట్ పెట్టెలమీదే ఉంటోంది. విడిగా కొనేవాళ్ళకు పెట్టె కనబడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మెడికల్ షాపుల్లో నికోటిన్ గమ్ దొరుకుతుంది. అదేపనిగా నమలకూడదు. నోట్లో చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. దానికి పావుగంట ముందు నుంచి చాయ్ తాగితే సరిగా పనిచేయదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు డాక్టరును అడగకుండా వాడొద్దు. దగ్గు, ఆయాసం ఉంటే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూపించుకోండి.

ఆ రూమ్మేట్ ఇప్పుడు పంతులు. ఫోన్ చేస్తే మొదట అడిగేది, “ఎన్నో రోజు రా?” అనే.