మామ్మ ముద్ద పెట్టని ఆదివారం

మాది ఉప్పలగుప్తం. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్ళేవాళ్ళకు కొబ్బరితోటల మధ్య తగులుతుంది. మా సీమలో గడప తొక్కిన మనిషిని "భోంచేశారా?" అని అడగరు, విస్తరి వేసి కూర్చోమంటారు. వేళగాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి వడ్డించిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) మా కోనసీమ మనిషే. వైనతేయ మీద 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టుకున్నాము. అటువంటి చోట పుట్టి, ముప్ఫయ్యేళ్ళు బడిపిల్లలతో వేగి, నలుగురు మనవలకు గోరుముద్దలు తినిపించినదాన్ని. నన్ను పట్టుకుని మా చిన్నకోడలు, "అత్తయ్యగారూ, పాపకు మీరు మాత్రం అన్నం పెట్టకండి" అన్నదంటే నా ప్రాణం ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి!

ఆ మాట అన్నది అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో. మా చిన్నాడు అక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు కలగలేదు. మన రాష్ట్రంలోనే ఒక శిశుగృహం నుంచి నాలుగేళ్ళ ఆడపిల్లను దత్తత చేసుకుని మార్చిలో తీసుకువెళ్ళారు. ఏప్రిల్ ఆఖరున నేను వెళ్ళాను.

దాపరికం దేనికి? మొదట్లో నేను ఒప్పుకోలేదు. మా ఇళ్ళల్లో దత్తతలు లేక కాదు. మా తాతగారి అన్నగారికి సంతానం లేకపోతే తమ్ముడి కొడుకునే హోమం చేసి దత్తు తెచ్చుకున్నారు. కాని అది ఇంటిపేరు నిలవడానికి, పొలం చేయి దాటకుండా ఉండడానికి, తలకొరివి పెట్టడానికి. పూర్వపు ధర్మశాస్త్రంలో దత్తత అంటే కొడుకే. హిందువులు కూతుర్ని కూడా దత్తత తీసుకోవచ్చునని 1956లో చట్టం వచ్చింది గాని, మా మనస్సుల్లోకి ఆ చట్టం రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. "అక్కయ్య పిల్లల్లో ఒకరిని పెంచుకోరాదట్రా?" అన్నాను. "అక్కయ్య పిల్లలకు అమ్మ ఉంది గదమ్మా" అన్నాడు వాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పాప రావడానికి నాలుగేళ్ళు పట్టింది. అంత ఆలస్యమేమిటని విసుక్కునేదాన్ని. కాని దానికీ కారణముంది. మన పసివాళ్ళను విదేశాలకు పంపడంలో అక్రమాలు జరుగుతున్నాయని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, దాన్నే పిటిషనుగా తీసుకుని 1984లో జస్టిస్ భగవతి కట్టుదిట్టాలు విధించారు. అయినా 1999లోను, 2001లోను మన రాష్ట్రంలోనే పేద తల్లుల దగ్గర పసికందులను కొని దత్తతల పేరుతో అమ్ముతున్న వ్యవహారాలు బయటపడ్డాయి. 1993 నాటి హేగ్ ఒడంబడికను మన దేశం 2003లో ఆమోదించింది. ఇప్పుడు అన్నీ కేంద్ర దత్తత సంస్థ ద్వారానే జరగాలి. ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు. బిడ్డ వెళ్ళిపోయాక కూడా రెండేళ్ళపాటు, మొదటి ఏడు మూడు నెలలకొకసారి, రెండో ఏడు ఆరు నెలలకొకసారి, ఎట్లా ఉన్నదో ఇక్కడికి నివేదిక రావాలి.

అమెరికావాళ్ళ లెక్క ఇంకా చిత్రం. 2001లో అమలులోకి వచ్చిన చట్టం ఒకటి ఉంది. దత్తత ఇక్కడే పూర్తి చేసుకుని, తగిన వీసాతో వెళ్ళి, అమెరికా పౌరులైన తల్లిదండ్రుల దగ్గర ఉండబోయే బిడ్డకు ఆ దేశంలో అడుగుపెట్టగానే పౌరసత్వం వస్తుంది. మా పాప విమానం దిగిన పూటే అమెరికా పౌరురాలైంది. మా ఇంటి పిల్ల కావడానికే వ్యవధి పడుతోంది.

నేనేమో పెట్టెనిండా ఆత్రేయపురం పూతరేకులు పట్టుకువెళ్ళాను. తెలిసిన తెలుగువాళ్ళనందరినీ పిలిచి, పాపను పీటమీద కూర్చోబెట్టి అక్షింతలు వేయిద్దామని నా సంబరం. "ఇప్పుడే ఎవరినీ పిలవమమ్మా" అన్నాడు అబ్బాయి. ఆ పైన కోడలి మాట. రెండు రోజులు ముఖం ముడుచుకుని కూర్చున్నాను. మూడోనాటి రాత్రి కోడలే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కడి ఆయాలు మంచివాళ్ళే అత్తయ్యగారూ. కాని పొద్దుటికొకరు, సాయంత్రానికొకరు, రాత్రికొకరు. అందరినీ ఇది అమ్మా అనే పిలిచేది. ఎవరు చేయి చాస్తే వాళ్ళ చంక ఎక్కేది. ఆకలేస్తే ఫలానా మనిషి దగ్గరకు వెళ్ళాలి అన్నది దీనికి తెలియదు. తలో చేయీ పెడితే ఇది కూడా అటువంటి చోటే అనుకుంటుంది. కొన్నాళ్ళు నా చేతనూ, ఆయన చేతనే తిననివ్వండి. మీకు కష్టమని తెలుసు."

కష్టమే. అయినా సరేనన్నాను.

మే నెల మొదటి ఆదివారం. పొద్దున్నే మూకుట్లో దిబ్బరొట్టె వేశాను. వండడానికి నాకు అభ్యంతరం లేదు గదా! కోడలు పక్కన కూర్చుని తుంచి పెడుతుంటే పాప మూడు ముక్కలు తిన్నది. నాలుగో ముక్క గౌను జేబులో దాచుకుంది. నేను నోరు తెరవబోయాను. కోడలు కళ్ళతోనే వద్దన్నది. రోజూ రాత్రి దిండు కింద ఏదో ఒకటి దొరుకుతుందట. రొట్టె, బిస్కట్టు, ఒకసారి అన్నం ముద్ద.

పది గంటలకు అందరమూ కాలవగట్టుకు షికారు వెళ్ళాము. డెలావేర్ - రారిటాన్ కాలవ అంటారు. 1834లో తెరిచారట. ఐర్లండు నుంచి వచ్చిన కూలీలు పలుగు పారలతో తవ్వారు. బొగ్గు పడవలకు తాళ్ళు కట్టి కంచరగాడిదలు గట్టుమీంచి లాగేవి. 1932తో పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ నీళ్ళు ఊళ్ళకు తాగడానికి పోతాయి. నాకు మా కాలవలే గుర్తొచ్చాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పారిన కాలవలు. వాటి గట్లమీద పడవలను తాళ్ళతో మనుషులే లాగేవారు. ఈ సంగతి చెబుతుంటే పాప విన్నదో లేదో తెలియదు. నీళ్ళలో పడిన దుంగమీద తాబేళ్ళు ఎండకు కూర్చుంటే వాటిని అరగంట చూసింది. ఎవరమూ తొందర పెట్టలేదు.

మధ్యాహ్నం ఇంకేమీ జరగలేదు. అబ్బాయి చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు. కోడలు పాప తలకు నూనె రాసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు నేను చీర తీసుకుందామని పెట్టె తెరిచాను. ఆ తాళం చప్పుడుకు పాప పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ముఖం పాలిపోయింది. పెట్టె తెరిస్తే ఎవరో ఎక్కడికో పోవాలని దానికి తెలుసు.

"మామ్మా, రేపు కూడా ఇక్కడేనా?" అన్నది.

నాతో అది అన్న మొదటి పెద్దమాట అదే. ఒళ్ళోకి లాక్కుని, ఇక్కడే తల్లీ, ఎల్లకాలమూ ఇక్కడే అని చెప్పడానికి నాలుక దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"అమ్మనడుగు" అన్నాను.

"ఏ అమ్మను?"

అది మారాం కాదు, పరిహాసమూ కాదు. నిజంగానే అడిగింది. నాకు గొంతు పెగలలేదు. హాల్లో కూర్చున్న కోడలిని చూపించి, "నీకు అన్నం పెట్టే అమ్మను" అన్నాను. పాప కాసేపు నిలబడి, నెమ్మదిగా అటు వెళ్ళింది. వాళ్ళేమనుకున్నారో నాకు వినిపించలేదు. నేను పెట్టె మూసి మంచం కిందికి తోసేశాను.

రాత్రి భోజనాల దగ్గర చేయి ఊరుకోక, మరిచిపోయి, పప్పన్నం ముద్ద ఒకటి పాపవైపు చాచాను. అది నోరు తెరవలేదు. తల తిప్పి కోడలి ముఖంలోకి చూసింది. తినవచ్చునా అని!

ముద్ద నా నోట్లోనే వేసుకున్నాను. కోడలు తల వంచుకుని పాప కంచంలో అన్నం కలుపుతోంది. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. పూర్వం ఇంటికొక బిడ్డ కావాలని దత్తత తెచ్చుకునేవాళ్ళము. బిడ్డకొక ఇల్లు కావాలని తెచ్చుకోవడం నేను చూడడం అదే మొదలు.

నేను తిరిగి ఉప్పలగుప్తం వచ్చేశాను. పాపకు నా చేతి ముద్ద తినిపించే రోజు ఇంకా రాలేదు. వచ్చే ఏడు వాళ్ళే వస్తామన్నారు. దిండు కింద రొట్టె ముక్క మాత్రం ఇంకా దొరుకుతూనే ఉందట. ఎండిపోయిన ముక్క తీసేసి, కోడలు అక్కడ మెత్తటిది పెడుతోందట.