సొంత బొమ్మ, సొంత పుస్తకం
ఒక్క కాగితంతో ఎనిమిది పేజీలు - ఆళ్వారుస్వామి నడిచిన బాటలో చిరు పుస్తకాలు

సికింద్రాబాద్: అచ్చాఫీసు అక్కర్లేదు. ప్రచురణకర్త గుమ్మం ముందు పడిగాపులు పడనక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, నల్లసిరా కలం, కత్తెర, పక్క వీధిలో ఒక జిరాక్సు దుకాణం ఉంటే చాలు. బొమ్మలు గీయడం వచ్చినవారెవరైనా తమ పుస్తకాన్ని తామే తయారు చేసుకోవచ్చు. ఇలా సొంతంగా గీసి, రాసి, కొద్ది ప్రతులు తీసి, చేతి మీదుగా పంచే చిరు పుస్తకాలను ఇంగ్లీషులో ‘జీన్’ అంటారు. మ్యాగజైన్ అనే మాటకు తల తీసేస్తే మిగిలిన తోక ఇది.

పేరు కొత్త కావచ్చు గానీ పని తెలుగువారికి కొత్త కాదు. హాస్టళ్లలో విద్యార్థులు నడిపిన లిఖిత పత్రికలు, కళాశాలల్లో అంటించిన గోడపత్రికలు, మైనపు కాగితం మీద గంటంతో గీకి సైక్లోస్టైల్ మీద తీసిన కరపత్రాలు చాలామంది పెద్దలకు గుర్తుండే ఉంటాయి. వాటికి ఇది చుట్టమే.

ఇప్పుడు దీని ప్రస్తావన రావడానికి కారణం ఉంది. ఊళ్లలో గోడరాతలు రాసి, దుకాణాల బోర్డులు వేసి, ఎన్నికల గుర్తులు దించి బతికిన పెయింటర్లకు ఫ్లెక్సీలు వచ్చాక పని బాగా తగ్గింది. అక్షరం తీర్చి రాయగల చేతులు వేరే కూలి వెతుక్కున్నాయి. ఆ నేర్పు పిల్లలకు అందకుండానే పోతోంది. బడిలో బాగా బొమ్మలు గీసే పిల్లలకు కూడా పోటీలో బహుమతి దాటి ముందుకు దారి కనిపించడం లేదు. చిరు పుస్తకం ఈ కష్టాలన్నిటికీ మందు కాదు. కానీ గీసిన బొమ్మ ఇనప్పెట్టెలో మగ్గిపోకుండా నలుగురి చేతుల్లో పడడానికి ఇదొక తోవ.

నిజాం కాలంలోనే

సొంతంగా పుస్తకం వేసి, సొంతంగా అమ్మడం ఎంత కష్టమో, ఎంత పని చేస్తుందో సికింద్రాబాద్‌కు బాగా తెలుసు. నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పేదరికంలో పెరిగారు. వంటపని చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు. అలాంటి మనిషి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. అప్పుడు రాజ్యంలో అధికార భాష ఉర్దూ. సభ పెట్టుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాల్సిన రోజులు. తెలుగు పుస్తకం కొనేవారు తక్కువ, అమ్మే దుకాణాలు ఇంకా తక్కువ. అందుకే ఆయన వేసిన పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించారు. జైలుకు కూడా వెళ్లారు. నిజామాబాద్ జైలులో కవి దాశరథి ఆయనకు తోటి ఖైదీ. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. ‘ప్రజల మనిషి’ నవల రాసిన ఆళ్వారుస్వామి 1961లో కన్నుమూశారు.

ఇంచుమించు అదే కాలంలో సికింద్రాబాద్‌లోనే కె.సి. గుప్త అణా గ్రంథమాల నడిపారు. పేరే చెబుతున్నట్టు, సామాన్యుడు జేబు తడుముకోకుండా కొనగలిగే పుస్తకం అందించాలన్నది దాని ఉద్దేశం. అంతకు ముందే 1922లో, అప్పటి వరంగల్ జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు సొంత అచ్చుయంత్రం పెట్టుకుని ‘తెనుగు పత్రిక’ వారపత్రికను నడిపారు. పత్రిక రావడానికి పట్నమే ఉండాలన్న నియమం లేదని వారు ఆనాడే చూపించారు.

బొమ్మలతో కథ చెప్పడం కూడా మన దగ్గరిదే. చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద వరుసలుగా బొమ్మలు వేస్తే, కథ చెప్పేవారు దానిని విప్పుతూ కులపురాణాలు వినిపించేవారు. ఒక బొమ్మ తర్వాత ఇంకో బొమ్మ, మధ్యలో కథ - చిరు పుస్తకంలోనూ జరిగేది అదే. ఇక బయటి దేశాల సంగతి చూస్తే, 1930లో అమెరికాలోని చికాగోలో శాస్త్ర కల్పిత కథల అభిమానులు ‘ది కామెట్’ అనే పత్రికను తామే తీసి పంచుకున్నారు. ఈ తరహా అభిమానుల పత్రికల్లో మొదటిదిగా దానినే చెబుతారు.

తయారీ ఇలా

మామూలు ఎ4 కాగితాన్ని అడ్డంగా పరచాలి. పొడుగు వెంట ఒకసారి, అడ్డంగా రెండుసార్లు మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. పై వరుసలో నాలుగు, కింది వరుసలో నాలుగు. ఇప్పుడు కుడి అంచు ఎడమ అంచును తాకేలా సగానికి మడిచి, మడత ఉన్న వైపు నుంచి నడిమి గీత వెంట పక్క మడత దాకా మాత్రమే కత్తిరించాలి. విప్పితే కాగితం నడుమ రెండు గళ్ల పొడవున చీలిక కనిపిస్తుంది. కాగితాన్ని నిలువునా రెండు పొరలుగా మడిచి, రెండు చివరలనూ లోపలికి నెడితే చీలిక తెరుచుకుని కూడిక గుర్తులా నిలబడుతుంది. దానిని చుట్టి నొక్కితే జేబులో పట్టే ఎనిమిది పేజీల పుస్తకం తయారు. జిగురు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు.

పేజీల వరుస తప్పితే కథ తారుమారవుతుంది. కింది వరుసలో ఎడమ నుంచి వెనుక అట్ట, ముఖపత్రం, రెండో పేజీ, మూడో పేజీ వేయాలి. పై వరుసలో బొమ్మలన్నీ తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు నాలుగు, ఐదు, ఆరు, ఏడు పేజీలు రావాలి. మొదట ఉత్త కాగితాన్ని మడిచి, అంకెలు వేసి, విప్పి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

గీతలు నల్లసిరాతోనే వేయాలి. లేత పెన్సిలు గీత, లేత నీలం రంగు జిరాక్సులో సరిగా పడవు. అంచుల దాకా బొమ్మ వేస్తే యంత్రం ఆ మేర వదిలేస్తుంది కాబట్టి చుట్టూ పావు అంగుళం ఖాళీ ఉంచుకోవాలి. పేజీ చిన్నది; పేజీకి ఒక బొమ్మ, రెండు మూడు వాక్యాలు చాలు. కాగితం రెండో వైపు ఖాళీగానే ఉంటుంది. అక్కడ ఒక పెద్ద బొమ్మ వేస్తే పుస్తకం విప్పినప్పుడు గోడకు అంటించుకునే చిత్రమవుతుంది.

ఊరి సంగతులే కథలు

ఏం గీయాలన్న ప్రశ్నకు జవాబు ఊళ్లోనే ఉంది. చెరువు నిండిన సంవత్సరం, అవ్వ చెప్పే సామెత వెనుక కథ, మరుగున పడుతున్న పనిముట్ల పేర్లు, మంచినీటి ఇబ్బంది, ఆడపిల్ల చదువు - అన్నీ బొమ్మలకు పనికొచ్చేవే. వరల్డ్ కామిక్స్ ఇండియా అనే సంస్థను నెలకొల్పిన కార్టూనిస్టు శరద్ శర్మ ఇలాంటి పద్ధతినే దేశమంతటా తిరిగి నేర్పారు. నాలుగు గళ్లలో బొమ్మల కథ గీసి, జిరాక్సు తీసి, ఊరి గోడల మీద అంటించడం ఆ పద్ధతి. గీసేది పేరున్న చిత్రకారులు కాదు, సమస్యను అనుభవిస్తున్న మనుషులే. చిత్తూరు జిల్లాలో 2001లో మొదలైన ‘నవోదయం’ పత్రికకు పొదుపు సంఘాల మహిళలే విలేకరులుగా పనిచేసి, పల్లె మాట పల్లెవాళ్లే రాయగలరని నిరూపించారు.

అమ్మకం లెక్క

లెక్క మాత్రం దాపరికం లేకుండా చూసుకోవాలి. జిరాక్సుకు రెండు రూపాయలు పడి, పుస్తకం పదికి అమ్మితే, వంద ప్రతులకు మిగిలేది ఎనిమిది వందలు. గీయడానికి పట్టిన రోజుల కూలి లెక్కేస్తే పెద్దగా ఏమీ మిగలదు. ఒక్క పుస్తకంతో ఇల్లు గడవదు. అయితే ఆ పుస్తకమే చిత్రకారుడికి నమూనా అవుతుంది. దానిని చూసినవారు పెళ్లి పత్రికకో, బడి గోడకో, ఇంకో పుస్తకానికో బొమ్మలు అడిగే వీలుంటుంది.

పాఠకుల చేతికి చేరడమే అసలు చిక్కు. దుకాణాలవారు ఇంత చిన్న పుస్తకాన్ని అరలో పెట్టడానికి ఇష్టపడకపోవచ్చు. అందుకని ఆళ్వారుస్వామి దారే దారి - మనుషుల దగ్గరికి పుస్తకమే వెళ్లాలి. సంత, జాతర, బడి వార్షికోత్సవం, గ్రంథాలయ వారోత్సవాలు దీనికి అనువైనవి. నగరానికి వెళ్లేవారికి హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఉంది, ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాల బజారు ఉంది. 2013 నుంచి కామిక్ కాన్ కూడా హైదరాబాద్‌కు వచ్చింది. తోటి చిత్రకారులతో పుస్తకానికి పుస్తకం మార్చుకోవడం ఈ రంగంలో మంచి అలవాటు. కొత్తవారి పని తెలిసేది ఎక్కువగా అలాగే.

కొన్ని జాగ్రత్తలు

వెనుక అట్ట మీద గీసినవారి పేరు, ఊరు, సంవత్సరం తప్పక వేయాలి. సొంత బొమ్మ మీద హక్కు గీసిన క్షణం నుంచే గీసినవారిది. జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు అది ఉంటుంది. సినిమా బొమ్మలు, ఇతరుల చిత్రాలు దించి అమ్మడం మాత్రం చిక్కులు తెస్తుంది. ఒకసారి వేసే కథల పుస్తకం సంగతి వేరు, వార్తలతో నెలనెలా వచ్చే పత్రిక సంగతి వేరు. 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన పత్రికల నమోదు చట్టం ప్రకారం అలాంటి పత్రికకు నమోదు అవసరం. ఎవరినైనా ఉద్దేశించి బొమ్మ వేసేటప్పుడు నిజం సరిచూసుకోవడం, పరువుకు భంగం కలగకుండా చూసుకోవడం గీసేవారి బాధ్యతే.

సెలవు రోజుల్లో గ్రామ గ్రంథాలయంలోనో, బడిలోనో పదిమంది పిల్లలను కూర్చోబెట్టి, ఊళ్లోని పాత పెయింటరును గురువుగా పిలిస్తే ఒక పూటలో పది పుస్తకాలు తయారవుతాయి. ఖర్చు పది కాగితాలు. ఉపాధ్యాయులు, యువజన సంఘాలవారు పూనుకుంటే ఇది పెద్ద పని కాదు.