తాడు తెగిన చోట వంతెన

చిన్నయసూరి మన పిల్లలకు మిత్రలాభమూ చెప్పాడు, మిత్రభేదమూ చెప్పాడు. మిత్రుడు చచ్చిపోతే ఏం చేయాలో మాత్రం పిల్లలకు ఎవరు చెబుతారు? ఇంట్లో ఎవరైనా పోతే “ఊరెళ్ళారు” అనేసి పిల్లలను పక్కింటికి పంపడం మనకు అలవాటు. వాళ్ళే మరచిపోతారని మన ధీమా.

ఆ ధీమాను ప్రశ్నించిన పిల్లల నవల “బ్రిడ్జ్ టు టెరబితియా”. అమెరికా రచయిత్రి కాథరిన్ పేటర్సన్ వ్రాసిన ఈ పుస్తకం 1977లో వెలువడింది. మరుసటి ఏడు న్యూబెరీ పతకం అందుకున్నది. దీని పుట్టుకకు కారణం ఒక నిజమైన చావు. 1974లో ఆమె కుమారుడు డేవిడ్‌కు ఎనిమిదేళ్ళు. అతని ప్రాణస్నేహితురాలు, ఈడుపిల్లే, పిడుగుపడి మరణించింది. కొడుకు దుఃఖం చూడలేక, ఆ దుఃఖానికి ఒక అర్థం వెతుక్కుంటూ తల్లి కలం పట్టింది.

కథ వర్జీనియాలోని ఒక పల్లెలో జరుగుతుంది. జెస్ పదేళ్ళవాడు, నలుగురు ఆడపిల్లల నడుమ ఒక్కడే మగనలుసు. బడిలో పరుగుపందెం గెలవాలని వేసవి అంతా తెల్లవారుజామునే లేచి సాధన చేశాడు. తీరా పట్నం నుంచి కొత్తగా వచ్చిన లెస్లీ మగపిల్లలందరినీ ఓడించింది. ఓడినవాడూ గెలిచినదీ ప్రాణమిత్రులయ్యారు. తాడు పట్టుకుని వాగు మీదుగా ఊగి, ఆవలి అడవిలో టెరబితియా అనే రాజ్యం కట్టుకున్నారు. అతడు రాజు, ఆమె రాణి.

వానలకు వాగు పొంగింది. ఒకనాడు సంగీతం టీచరు జెస్‌ను వాషింగ్టన్‌లోని చిత్రశాలకు తీసుకువెళ్ళింది. లెస్లీనీ పిలిస్తే బాగుండునని దారిలో తోచింది గాని, టీచరు తనకొక్కడికే దక్కిందన్న సంబరం లోలోపల ఉండనే ఉన్నది. ఇంటికి వచ్చేసరికి తాడు తెగింది, లెస్లీ లేదు.

రచయిత్రి శక్తి అంతా ఇక్కడినుంచి కనబడుతుంది. జెస్ వెంటనే ఏడవడు. అబద్ధమంటాడు, పరుగెత్తిపోతాడు. మర్నాడు సుష్ఠుగా ఫలహారం చేస్తాడు. ఇక తరగతిలో పరుగులో తనే మొదటివాడినన్న తలపు కూడా వస్తుంది! చిట్టిచెల్లెలు ఏదో అడిగితే ముఖాన కొడతాడు. లెస్లీ ఇచ్చిన రంగుల పెట్టె వాగులోకి విసిరేస్తాడు. పెద్దల కంటికి ఇది మొండితనం. కాని ఇదే పసివాడి శోకం. ఎన్నడూ దగ్గరకు తీయని తండ్రి, వెంట వచ్చి మాటలేకుండా ఒడిలోకి తీసుకుంటాడు.

పిల్లలంతా హడలిపోయే పంతులమ్మ ఒకామె ఉన్నది. భర్త పోయినప్పుడు అందరూ తనను మరచిపొమ్మన్నారనీ, తనకు మరచిపోవాలని లేకపోయిందనీ ఆమె జెస్‌తో చెబుతుంది. నవల సారమంతా ఆ మాటలో ఉన్నది. దుఃఖానికి మరపే మందు కాదు.

చివరకు జెస్ వాగు మీద పలకలు వేసి వంతెన కడతాడు. తాను కొట్టిన చెల్లెలినే చేయిపట్టి దాటించి, ఆ రాజ్యానికి రాణిని చేస్తాడు.

చావు ఉన్నదన్న కారణంతో కూడా ఈ పుస్తకాన్ని పిల్లలకు దూరంగా ఉంచాలని అమెరికాలో కొందరు పట్టుబట్టారు. 2007లో ఇది చలనచిత్రంగా వచ్చినప్పుడు దానికి స్క్రీన్‌ప్లే వ్రాసినవారిలో ఆ డేవిడ్ ఒకడు. ముప్పైమూడేళ్ళు గడిచినా అతడు మరచిపోలేదు. తల్లి మరచిపొమ్మనలేదు.

పదేళ్ళు దాటిన పిల్లలకు ఈ నవల నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. అయితే ముందు మనం చదవాలి. వాళ్ళు చదివే రోజున, అడిగితే జవాబు చెప్పడానికి, దగ్గర ఉండాలి.