పోయే పొగతో పని

హ్యుందాయ్ ఐ20 కొత్త రూపంలో 2020 నవంబరులో మార్కెట్లోకి వచ్చినప్పుడు కొనేవాళ్ల ముందు రెండు పెట్రోల్ ఇంజన్లు ఉండేవి. మొదటిది 1.2 లీటర్లది, నాలుగు సిలిండర్లు. 4200 ఆర్‌పీఎం దాకా తొక్కితే గాని దాని పూర్తి టార్క్, 115 న్యూటన్ మీటర్లు, బయటికి రాదు. రెండోది 998 సీసీ, మూడే సిలిండర్లు. ఇది 1500 ఆర్‌పీఎంకే 172 న్యూటన్ మీటర్లు ఇచ్చేస్తుంది, 4000 వరకు ఆ పట్టు వదలదు. చిన్న ఇంజను పెద్దదాన్ని ఇంతగా ఎలా మించింది? కిటుకు పెట్రోల్లో లేదు, గాలిలో ఉంది.

ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు ఇంజను 2000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే మహా అయితే నిమిషానికి వెయ్యి లీటర్ల గాలి పీలుస్తుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారే పీల్పు. లీటరు గాలి బరువు 1.2 గ్రాములు. అంటే 1200 గ్రాముల గాలి, దాంతో కాల్చగలిగేది సుమారు 80 గ్రాముల పెట్రోల్. ఇంకా పోస్తే కాలకుండా సైలెన్సర్‌లోంచి పోతుంది. ఎంత కావాలంటే అంత పెట్రోల్ పోయొచ్చు గానీ గాలి అంత తేలిగ్గా దొరకదు. ఆ గాలినే ముందుగా వత్తి, అదే సిలిండర్లోకి రెండింతలు కూరితే 80 గ్రాములు కాస్తా 160 అవుతాయి.

వత్తడానికి బలం కావాలి కదా, అదెక్కడిది? మనం పోసిన పెట్రోల్ శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా బయటికి పోతుంది. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట రసం పిండేసిన చెరకు పిప్పిని ఎండబెట్టి, ఆ రసం కాగే పొయ్యిలోనే వేస్తారు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకికి 1905లో తట్టిన ఉపాయం అదే కోవలోది. పొగ దారిలో ఒక చక్రం, గాలి దారిలో ఒక చక్రం, రెంటికీ కలిపి ఒకే ఇరుసు. పొగ మొదటి చక్రాన్ని తిప్పితే రెండోది గాలిని వత్తుతుంది. ఇదే టర్బో. ఆ ఏడాది నవంబరులో జర్మనీలో పేటెంటు తీసుకున్నాడు.

కాగితం మీద ఇంత తేలికైన యంత్రం పనిలోకి రావడానికి 20 ఏళ్లు పట్టింది. అంత వేడిలో అంత వేగంగా తిరిగి నిలబడే లోహం అప్పట్లో లేదు. బ్యూకి పనిచేసిన సుల్జర్ కంపెనీలో తొలి నమూనాలు నిలవలేదు. చివరికి 1926లో ప్రాయిసెన్, హాన్సెష్టాట్ డాన్‌జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో అతని పద్ధతి నెగ్గింది. 1750 హార్స్‌పవర్ ఇవ్వాల్సిన పది సిలిండర్ల డీజిల్ ఇంజన్లు 2500 ఇచ్చాయి.

ఈలోగా విమానాలకూ ఇదే అవసరం వచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజను నీరసపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో విమాన ఇంజన్లకు టర్బో కడితే, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు శాన్‌ఫోర్డ్ మాస్ 1918లో ఒక లిబర్టీ విమాన ఇంజన్ని లారీ మీద కొలరాడోలోని పైక్స్ పీక్ అనే 14 వేల అడుగుల కొండ శిఖరానికి చేర్చాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజను అక్కడ 230కి పడిపోయింది. టర్బో తగిలించాక 356 ఇచ్చింది. విమానం గాల్లోకి లేవకుండానే పరీక్ష ముగిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు అంత ఎత్తున ఎగరగలిగాయంటే దానికి ఈ యంత్రమే ఆధారం.

ఓడకూ విమానానికీ లారీకీ నప్పినది పెట్రోల్ కారుకు మాత్రం చాలాకాలం నప్పలేదు. డీజిల్ ఇంజన్లో సిలిండర్లోకి వెళ్లేది ఒట్టి గాలే, డీజిల్ ఆఖరి క్షణంలో పడుతుంది. అందుకే గాలిని ఎంత వత్తినా ముందే అంటుకునే భయం లేదు. పెట్రోల్ అలా కాదు. ఎక్కువ వత్తిడికి, వేడికి స్పార్క్ పడకముందే, లేదా పడ్డాక ఓ మూల తనంతట తానే, భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. పిస్టన్ మీద సుత్తి దెబ్బలు పడుతున్నట్టే లెక్క.

నాకింగ్‌తో తొలి తగువు పెట్టుకున్న టర్బో కారు 1962 నాటి ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్. టర్బో కథలో ఇంత విడ్డూరమైన బండి మరొకటి లేదని నా అభిప్రాయం. 3.5 లీటర్ల వీ8 ఇంజన్లో గాలిని టర్బో ఒకసారి వత్తుతుంది. ఆపైన 10.25 కంప్రెషన్‌తో పిస్టన్ మళ్లీ వత్తుతుంది. నాకింగ్ రాక ఏం చేస్తుంది? దాన్ని చల్లార్చడానికి బానెట్ కింద ఒక సీసా పెట్టి అందులో మిథనాల్, శుద్ధజలం కలిపి పోశారు. టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని దర్జాగా పేరు పెట్టారు. సీసా ఖాళీ అయితే ఒక వాల్వు టర్బో వత్తిడిని తగ్గించేది. కొన్నవాళ్లు పెట్రోల్ పోయించుకున్నారు గానీ సీసా సంగతి మరిచారు. బండి లాగడం లేదని షోరూముకు తెచ్చారు. చివరికి కంపెనీయే టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి పంపింది. రెండేళ్లలో అమ్మినవి పది వేలలోపే. అదే ఏడాది వచ్చిన షెవర్లే కోర్వెయిర్ టర్బో కూడా ఎంతో కాలం నడవలేదు.

యూరప్‌లో మొదలుపెట్టిన బీఎండబ్ల్యూకు కాలం కలిసిరాలేదు. 2002 టర్బో అనే మోడల్ 1973లో బయటికి వచ్చింది. ముందు పోయే డ్రైవరు అద్దంలో సరిగ్గా కనబడేలా బంపరు కింద టర్బో అన్న అక్షరాల్ని తిరగేసి రాశారు, దారివ్వమని బెదిరింపన్నమాట. కొద్ది వారాలకే చమురు సంక్షోభం ముంచుకొచ్చింది. బంకుల దగ్గర బారులు తీరిన జనానికి ఆ రాత నచ్చుతుందా? మొత్తం 1672 కార్లతో ఆ కథ ముగిసింది.

టర్బోకు కుదురు నేర్పింది స్వీడన్ కంపెనీ సాబ్. అప్పటిదాకా అందరూ పెద్ద టర్బో పెట్టి పైవేగంలో బలం కోసం పాకులాడేవారు. సాబ్ 1978 నాటి 99 టర్బోలో చిన్న చక్రం పెట్టింది. చిన్నది బరువు తక్కువ కాబట్టి పొగ అందగానే తిరుగుతుంది. వత్తిడి హద్దు మీరబోతే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరుచుకుని మిగులు పొగని పక్కదారి పట్టిస్తుంది. 1980ల మొదట్లో సాబ్ నాకింగ్ వినే సెన్సర్ కూడా చేర్చింది. శబ్దం మొదలవగానే కంప్యూటరు టర్బో వత్తిడిని దించేది. జెట్‌ఫైర్ సీసా చేయాల్సిన పనిని ఒక చెవీ ఒక చిప్పూ పంచుకున్నాయి. ఇదే కాలంలో రెనో కంపెనీ 1.5 లీటర్ల టర్బో కారుతో ఫార్ములా వన్‌లో 3 లీటర్ల కార్ల మీదికి దిగింది. 1977లో సిల్వర్‌స్టోన్‌లో తొలిసారి దిగినప్పటి నుంచి మాటిమాటికీ ఇంజను పొగలు కక్కడంతో పసుపు టీపాట్ అని నవ్వారు. 1979లో డిజోన్‌లో జాన్ పియెర్ జబూయి గెలిచాక నవ్వులు ఆగాయి. ఆ వెంటనే, 1980లో, రెనో 5 టర్బో వచ్చింది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు టర్బో మీద మోజు అక్కడి నుంచే అంటుకుంది.

మన దగ్గర ఈ మోజుకు దారి వేసింది పన్నుల లెక్క. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజను ఉన్న కారుకు 2006 బడ్జెట్ నుంచి తక్కువ పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఈ చిన్న కార్లకు 18 శాతం, మిగతా పెట్రోల్ కార్లకు 40 శాతం. సీసీకి గీత గీశారు గానీ లోపలికి ఎంత గాలి కూరాలో ఎవరూ గీత గీయలేదు. ఇంజినీర్లు ఆ సందులోంచే దూరారు. 2013లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ పొడవు 3971 మిల్లీమీటర్లు, ఇంజను 1197 సీసీ. టార్క్ మాత్రం 175 న్యూటన్ మీటర్లు. 2015లో టాటా బోల్ట్, 2017లో మారుతీ బలెనో ఆర్ఎస్ అదే దారి పట్టాయి. 1.4 లీటర్ల ఇంజనుతో గీత దాటిన ఫియట్ అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్‌తో పరుగులో అందర్నీ మించింది, అమ్మకాల్లో మాత్రం అంతంతమాత్రం. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే చిన్న డీజిల్ ఇంజన్ల పొగ శుద్ధి ఖర్చు తడిసి మోపెడైంది. మారుతీ డీజిల్ మానేసింది. తక్కువ ఆర్‌పీఎంలో డీజిల్ లాగే లాగుడుకు అలవాటు పడ్డవాళ్లకు టర్బో పెట్రోల్ పెద్ద దిక్కైంది.

ఆ లాగుడు ఎలా ఉంటుందో ఇరుకు రెండు లైన్ల రోడ్డు మీద వరిగడ్డి లారీ వెనక పడితే తెలుస్తుంది. మామూలు 1.2 లీటర్ల బండిలో గేరు తగ్గించాలి, ఇంజను అరవాలి, ఎదురుగా బస్సు లేదని రెండుసార్లు చూసుకోవాలి. టర్బో బండిలో మూడో గేరులో 2000 ఆర్‌పీఎం ఉంటే చాలు, కాలు వేయగానే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత వెనక నుంచి తోసినట్టు బండి దూకుతుంది. ఆ క్షణమే టర్బో లాగ్. పొగ పెరగాలి, చక్రం వేగం అందుకోవాలి, గాలి వత్తిడి ఎక్కాలి, ఇవన్నీ వరసగా జరగాల్సిందే. 1500 ఆర్‌పీఎం కిందికి దిగితే ఇది నిజంగానే ఒట్టి లీటరు ఇంజను. తిరుమల ఘాట్‌లో, అరకు ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు దగ్గర రెండో గేరులో బద్ధకంగా తిరిగితే బండి మూలుగుతుంది. మలుపుకు ముందే గేరు దించాలి.

మే నెల ఎండ ఇంకో పరీక్ష. గాలిని రెండింతలు వత్తితే అది వేడెక్కుతుంది. రెంటచింతలలో 45 డిగ్రీల గాలి టర్బోలోంచి బయటికొచ్చేసరికి 120 దాటుతుంది. రేడియేటర్ లాంటి ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చాలి. అది పూర్తిగా చల్లారకపోతే నాకింగ్ రాకుండా కంప్యూటరు స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, పికప్ తగ్గుతుంది. మధ్యాహ్నం బండి మందగించిందని ఇంజను పాడైందనుకోకండి.

మైలేజీ మాటకొస్తే కంపెనీ చెప్పే అంకె నమ్మి కొన్నవాళ్లు నొచ్చుకోవడం మామూలే. అధికారిక పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ మెల్లగా పెంచుకుంటూ. అలా నడిపితే టర్బో పెద్దగా పనిచేయదు, చిన్న ఇంజను తక్కువే తాగుతుంది. గట్టిగా తొక్కితే రెండింతల గాలికి రెండింతల పెట్రోల్. మరీ తొక్కితే మండే పొగ నుంచి టర్బోని కాపాడటానికి కంప్యూటరు పెట్రోల్ ఇంకాస్త ఎక్కువ పోస్తుంది. కాబట్టి లీటరుకు ఎంతిస్తుందన్న ప్రశ్నకు జవాబు కుడికాలి దగ్గర ఉంది.

ఇక ఆ యంత్రాన్ని విప్పి చూద్దాం. టర్బో రిపేరు చేసే షెడ్డులో అడిగితే కోర్ తీసి చేతిలో పెడతారు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక కొసన తెల్లని అల్యూమినియం చక్రం, సుమారు నాలుగు సెంటీమీటర్లు. రెండో కొసన మసిబారిన నికెల్ మిశ్రమలోహపు చక్రం, ఇదే 900 డిగ్రీలు దాటే పొగని ఎదుర్కొనేది. రెంటి మధ్య ఇరుసు పెన్సిల్ కంటే సన్నం. నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగేటప్పుడు ఆ చిన్న చక్రం అంచు ధ్వని కంటే వేగంగా పోతుంది. ఇంత వేగానికి బాల్ బేరింగులు చాలా టర్బోల్లో వాడరు. ఇరుసు ఇత్తడి రంగు బుష్షుల మధ్య పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఇరుసు కొస పట్టుకుని పక్కకి కదిపితే కొద్దిగా ఆడుతుంది, అది ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం ఆ టర్బో పని అయిపోయినట్టే.

ఆ పొర ఇంజను ఆయిలే. నల్లబడ్డ, పలచబడ్డ ఆయిల్‌తో ఎక్కువ కిలోమీటర్లు తిప్పితే ముందు దెబ్బతినేది టర్బోనే. నేరుగా సిలిండర్లోకి పెట్రోల్ చిమ్మే జీడీఐ రకం ఇంజన్లలో, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే, ఇంజను వేడెక్కకముందే ఆపేయడంతో కొంత పెట్రోల్ ఆయిల్లో కలుస్తుంది. ఇంకో చిక్కు పాత మెకానిక్కులకు కొత్త. ఐదో గేరులో 40 మీద వెళ్తూ యాక్సిలరేటర్ అడుక్కి తొక్కితే, సిలిండర్ గోడల నుంచి చెదిరిన ఆయిల్ చుక్క స్పార్క్ కంటే ముందే మంట పుట్టించగలదు. ఒక్క దెబ్బకు పిస్టన్ విరిగిన సందర్భాలున్నాయి. ఆయిల్లో కాల్షియం ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుందని తేలాక 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. డబ్బా మీద ఆ అక్షరాలు చూసి కొనాలి. పక్క షాపులో చవగ్గా దొరికిందని ఏదో ఒకటి పోయిస్తే మిగిలే వందలకు పోయేవి వేలు.

హైవే మీద గంటసేపు గట్టిగా నడిపి ధాబా ముందు టక్కున తాళం తిప్పేస్తే టర్బోలో ఆగిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఇంజను ఆపాక కూడా నీళ్లు తిప్పే పంపు చాలా కొత్త కార్లలో ఉంది. అయినా చివరి కిలోమీటరు నిదానంగా నడిపితే ఖర్చేమీ లేదు.

విచిత్రమేమంటే ఇంజను నిలదొక్కుకుంది గానీ ఆ హ్యాచ్‌బ్యాకుల్లో చాలా నిలవలేదు. బోల్ట్ పోయింది, బలెనో ఆర్ఎస్ 2020లో, పోలో 2022లో వెళ్లిపోయాయి. ఐ20లోని 998 సీసీ ఇంజనే ఎత్తైన కార్లలోనూ పనిచేస్తోంది. శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర కియా కట్టే సోనెట్‌లోనూ అదే ఉంది. పొట్టి కారులో ఉన్నంత హుషారు ఎత్తు కారులో ఉండదు, ఈ మాటలో నా పక్షపాతం కొంత ఉంది.

కొనాలా వద్దా అని అడిగితే నేను చెప్పేది ఇంతే. రోజూ ఊళ్లోనే ట్రాఫిక్‌లో నాలుగైదు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మామూలు 1.2 లీటర్ల ఇంజను చాలు, టర్బోకు పెట్టే అదనపు లక్ష దండగ. వారానికోసారైనా హైవే ఎక్కేవాళ్లు, ఘాట్లు దాటేవాళ్లు టర్బో తీసుకోండి. పాతది కొంటే మాత్రం ముందు సర్వీసు రికార్డులో ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో చూడండి, రికార్డు లేని బండికి బేరం ఆడకండి.