ఒక పిల్లకు ఒక పెద్ద తోడు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలనీలోనో ఊళ్లోనో నలుగురు కూడి, మన చుట్టుపక్కల పిల్లలకు తలా ఒక పెద్దను తోడు పెడదాం అనుకుంటారు. ఆ పెద్ద ట్యూషన్ చెప్పక్కర్లేదు, ఫీజులు కట్టక్కర్లేదు. క్రమం తప్పకుండా కలవాలి, పిల్ల చెప్పేది వినాలి, అవసరమైనప్పుడు దారి చూపాలి. దీన్నే మెంటరింగ్ అంటున్నారు. ఇలాంటి పని తలపెట్టిన చోటల్లా మొదటి సమావేశంలోనే ఒక ప్రశ్న వస్తుంది: ఎంతమంది పిల్లల్ని తీసుకుందాం? అది చివర అడగాల్సిన ప్రశ్న అని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికి అమెరికాలోని ఒక పాత సంస్థ లెక్కలు బాగా పనికొస్తాయి.

1904లో న్యూయార్క్ పిల్లల కోర్టులో గుమస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కోల్టర్, కోర్టుకు వస్తున్న అబ్బాయిలకు ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి అండ ఉంటే బాగుంటుందని పలువురిని కూడగట్టారు. అలా మొదలైన బిగ్ బ్రదర్స్, ఆడపిల్లల కోసం విడిగా పెరిగిన బిగ్ సిస్టర్స్ 1977లో ఒకటయ్యాయి.

ఆలోచన మంచిదే, ఫలితం ఉంటుందా? 1990ల మొదట్లో దీన్ని పట్టుదలగా పరీక్షించారు. 8 చోట్ల, 10 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 959 మంది పిల్లల్ని, చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టు పిల్లలకు వెంటనే తోడు వెతకడం మొదలుపెట్టారు. రెండో జట్టు 18 నెలలు ఆగింది. చీటీలెందుకంటే, అవి లేకపోతే శ్రద్ధగల తల్లిదండ్రుల పిల్లలే ముందు చేరిపోతారు. వాళ్లు బాగుపడితే అది ఇంటి గొప్పో కార్యక్రమం గొప్పో తేలదు.

1995లో ఫలితాలు వచ్చాయి. మత్తుమందులు కొత్తగా మొదలుపెట్టే అవకాశం తోడు జట్టులో 46 శాతం తగ్గిందన్నది అందరి నోటా పడింది. ఇక్కడ కాస్త ఆగాలి. వందమందిలో 46 మంది బయటపడ్డారని దీనర్థం కాదు. తోడు లేని జట్టులో 18 నెలల్లో మత్తుమందులు కొత్తగా మొదలుపెట్టింది వందకు సుమారు 11 మంది. తోడు జట్టులో అది 6 దగ్గరకొచ్చింది. అంటే వందకు ఐదుగురు పిల్లలు. మద్యం సంగతిలో వందకు 27 మంది ఉన్నచోట 19కి తగ్గింది. శాతంగా వింటే పెద్దగా, మనుషులుగా లెక్కపెడితే చిన్నగా కనిపిస్తుంది; రెండూ నిజమే. ఆ ఐదుగురి ఇళ్లలో అదేమీ చిన్న విషయం కాదు. బడి ఎగ్గొట్టిన రోజులు దాదాపు సగమయ్యాయి. మార్కుల్లో తేడా మాత్రం స్వల్పం. మెంటర్ వస్తే ర్యాంకు వస్తుందని తల్లిదండ్రులకు మాటివ్వకండి.

ఇదే అధ్యయనంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని అంకె ఒకటుంది. తోడు జట్టులో చివరిదాకా లెక్కకు అందిన 487 మందిలో నిజంగా పెద్ద తోడు దొరికింది 378 మందికే. అన్ని దశాబ్దాల అనుభవమున్న సంస్థ కూడా ఏడాదిన్నరలో ప్రతి ఐదుగురిలో ఒకరికి మనిషిని చూపలేకపోయింది. పైన చెప్పిన ఫలితాల్లో ఆ దొరకని పిల్లలూ కలిసే ఉన్నారు.

ఒక్క సంస్థ మాట నమ్మొచ్చా అంటారా? 2019లో 70 అధ్యయనాలను, 25 వేలకు పైగా పిల్లల వివరాలను కలిపి చూశారు. సగటు ప్రభావం 0.21 అని తేలింది. అదేమిటంటే, తోడులేని వందమందిని వెనకబడినవాళ్ల నుంచి మొదలుపెట్టి వరసగా నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉండే పిల్ల తోడు దొరికాక సుమారు 58వ చోటికి చేరుతుంది. ఎనిమిది మెట్లు. అద్భుతమేమీ కాదు గానీ, తీసిపారేసేదీ కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ సగటు వెనక దాగిన తేడా. 1995 నాటి వివరాలనే మళ్లీ తవ్వి 2002లో ఇంకో విశ్లేషణ చేశారు, ఈసారి జత ఎంతకాలం నిలిచిందన్నదాన్ని బట్టి. ఏడాదీ ఆపైన నిలిచిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న విలువ, చదవగలమన్న ధీమా ముందుకంటే పడిపోయాయి. అంటే ఏమీ చేయకపోవడం కన్నా నష్టం. తంటాలున్న పిల్లల జతలే ముందు విడిపోయి ఉండొచ్చుగా అని మీకు అనిపిస్తే ఆ అనుమానం సరైనదే. పరిశోధకులు దాన్నీ లెక్కలోకి తీసుకునే చూశారు. ఈ అధ్యయనంలోని పిల్లల్లో చాలామంది తల్లో తండ్రో ఒక్కరే ఉన్న ఇళ్లవాళ్లు. ఒక పెద్ద వెళ్లిపోవడం అప్పటికే చూసిన పిల్ల దగ్గరికి వెళ్లి, ఆశపెట్టి, రెండు నెలలకు ఫోన్ ఎత్తడం మానేస్తే ఆ పిల్ల తప్పు తనలోనే వెతుక్కుంటుంది.

కాబట్టి ముందు గంటలు లెక్కపెట్టాలి. ఆ అధ్యయనంలో ఎక్కువ జతలు నెలకు మూడుసార్లు, కలిసినప్పుడల్లా మూడు నాలుగు గంటలు గడిపాయి. నెలకు 9 నుంచి 12 గంటలు, ఏడాదికి 108 నుంచి 144. మన కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి ఏటా చేయాల్సిన సేవ 120 గంటలు. ఇంచుమించు అంతే. నెలలో మూడు ఆదివారాలు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, ఏడాది పొడుగునా ఇవ్వగలనా? పేరు రాయించేముందు ఎవరికి వారు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఫైనలియర్ విద్యార్థి, బదిలీ ఖాయమైన ఉద్యోగి మనసున్నవాళ్లే కావచ్చు, వాళ్లకు వేరే పని అప్పగించండి.

అన్ని గంటలు ఏం మాట్లాడాలి? ఇదే సంస్థలోని 82 జతలను దగ్గరగా గమనించిన పరిశోధకులకు రెండు రకాల పెద్దలు కనిపించారు. ఎక్కువమంది పిల్లల ఇష్టాయిష్టాలు కనుక్కుని, మెల్లగా చనువు పెంచుకున్నారు. మిగిలినవాళ్లు మొదటివారం నుంచే పిల్లల్ని సరిదిద్దడం మొదలుపెట్టారు. ఆ రెండోరకం జతల్లో చాలావాటికి తొమ్మిది నెలల తర్వాత క్రమంగా కలవడమన్నదే లేదు. పిల్లలు కనబడగానే నీతులు చెప్పడం మన పెద్దలకు ప్రేమ చూపించే పద్ధతి. ఆ ప్రేమ నిజమే, కాకపోతే మొదటి కొన్ని నెలలు క్రికెట్టో వంటో సైకిల్ రిపేరో మాట్లాడుకోనివ్వండి.

ఇక తెరవెనక పని. జతను కలిపేసి వదిలేస్తే నిలవదు. మొదటి ఏడాది నెలనెలా ఎవరో ఒకరు ఫోన్ చేసి మెంటర్‌ను, పిల్లను, ఇంట్లోవాళ్లను విడివిడిగా పలకరించాలి. 20 జతలుంటే 60 ఫోన్లు. ఒక్కోటి పావుగంట వేసుకున్నా నెలకు 15 గంటలు, అంటే రెండు పూర్తి పనిదినాలు. ఈ ఫోన్లు చేసేవాళ్లను సమన్వయకర్తలు అనొచ్చు, జతల మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండేవాళ్లు. 1990లలో ఆ అమెరికా సంస్థకు ఒక్కో జత మీద ఏడాదికి సుమారు 1,000 డాలర్లు ఖర్చయ్యేది. మెంటర్లకు జీతం లేదు. మనుషుల్ని వడపోయడం, శిక్షణ ఇవ్వడం, వెంట ఉండి చూసుకోవడం, వీటికే ఆ డబ్బు.

వడపోత దగ్గర మొహమాటం వద్దు. తెలిసినవాడే కదా అని ఎవరినీ వదిలేయకండి. ఇంటర్వ్యూ, ఇద్దరు ముగ్గురి దగ్గర విచారణ, మొదట్లో నలుగురున్న చోటే కలుసుకోవడం అందరికీ ఒకటే. పిల్లలపై లైంగిక నేరాల నివారణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం జరిగిందని తెలిసినా జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే శిక్ష ఉంటుంది. పిల్లల సాయానికి 1098 నంబరు ఉందని మెంటర్లకే కాదు, పిల్లలకూ చెప్పండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. నెలకు ఏడెనిమిది గంటలు ఫోన్లకు ఇవ్వగల మనిషి మీ దగ్గర ఒక్కరే ఉన్నారనుకుందాం. అంటే 30 ఫోన్లు, 10 జతలు. పేర్లిచ్చిన పిల్లలు 40 మంది ఉన్నా, మీ సంఖ్య 10. మిగతా 30 మంది ఇళ్లకు వెళ్లి, ఈ ఏడాది వీలుకాదని, వరసలో పేరుందని ఇప్పుడే చెప్పండి. అలాంటి మనిషి రెండోవారు దొరికిన రోజున ఆ వరసలోంచి ఇంకో పదిమందిని పిలవండి.