కొత్త బండియా, పాత బండియా?

జంషెడ్‌పూర్ యంత్రాలు ఎరిగిన పట్టణం. 1945లో అక్కడ టెల్కో పేరిట వెలసిన కర్మాగారం తొలుత రైలు ఇంజన్లను, 1954 నుండి లారీలను తయారు చేసింది. అయినా, ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో చిన్న ఎస్‌యూవీ కొనదలచిన కుటుంబానికి అక్కడ కూడా అదే సందేహం: కొత్తదా, పాతదా?

పాత బండికి ఒక సుగుణమున్నది. తొలి సంవత్సరాలలో వేగంగా పడిపోయే విలువను మొదటి యజమానే భరించి ఉంటాడు. అయితే 2025 సెప్టెంబరు 22 నుండి లెక్క మారింది. పొడవు నాలుగు మీటర్లకు, పెట్రోలు ఇంజను 1,200 సి.సి.కి, డీజిలైతే 1,500 సి.సి.కి మించని కొత్త బండ్లపై జి.ఎస్.టి. 18 శాతానికి దిగింది. అంతకు మునుపు 28 శాతం పన్ను, దానిపై సెస్సు ఉండేవి. కావున అమ్మకందారు తాను నాడు పెట్టిన ధరను చూపితే ఒప్పుకోరాదు; నేటి కొత్త ధరతోనే పోల్చాలి.

ధర కుదిరిన తరువాత చూడవలసినవి కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్ళు, అందులో మిగిలినదెంత? బ్యాంకు అప్పు తీరినదా? పొరుగున ఉన్న బెంగాలు, ఒడిశాల బండి అయితే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. జార్ఖండ్‌లో రోడ్డు పన్ను కట్టాలి. కొన్నవారు ముప్పది రోజులలో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. పేరు మారని బండి ప్రమాదం చేస్తే బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కనుక ఈ జాగ్రత్త అమ్మేవారికి కూడా అవసరమే.

ఈ ఖర్చులకు మరమ్మతులు, బీమా, అప్పుపై వడ్డీ కలిపి చూడాలి. అప్పటికీ చెప్పుకోదగినంత సొమ్ము మిగిలితేనే పాతది లాభం. లేకుంటే కొత్తదే చౌక.